కాలేయమును నమ్ముకొన్న శస్త్రవైద్యుడు

ఇంటిలో ఎవరికైనను కన్నులు పచ్చబడినవనగానే మన పెద్దలు మొట్టమొదట తలచుకొనునది పసరు మందు. ఏ ఊరిలో ఎవరు పోయుదురో, ఏ వారమునాడు పోయుదురో, ఎన్నాళ్ళు చప్పిడి పథ్యము ఉండవలెనో చెప్పగలవారు వీధికి ఒకరైన ఉందురు. చాలమందికి కామెర్లు వచ్చినట్లే పోవుచుండుటచేత పసరునకు పేరును, పోసినవారికి పుణ్యమును దక్కుచు వచ్చినవి. పసరును పరిహసించుట మా ఉద్దేశము కాదు. కామెర్లు స్వయముగా ఒక వ్యాధి కాదనియు, లోపల కాలేయమో పిత్తనాళమో చెడినదని చాలసార్లు బయటికి తెలియజేయు గురుతు మాత్రమే అనియు శ్రోతలు గ్రహించిన చాలును. కాలేయము తన్ను తాను బాగుచేసికొనగల అవయవము. అందుచేతనే పలుమారులు ఆ గురుతు దానియంతట అదే మాసిపోవును. ఆ బాగుచేసికొను శక్తి అడుగంటినప్పుడు మాత్రము పసరు గాని, మాత్ర గాని చేయగలిగినది స్వల్పము. చెడిన కాలేయమును తీసివైచి, వేరొక కాలేయమును అమర్చుట తప్ప గత్యంతరము లేని రోగులు కలరు. 1963 వరకు వారికి ఆ గతియు లేదు. ఆ చికిత్సను సాధించుటకు జీవితమంతయు వెచ్చించిన ఒక శస్త్రవైద్యుని గూర్చి నేడు ముచ్చటింపదలచినాము.

ఆయన పేరు థామస్ ఎర్ల్ స్టార్జల్. ఈ ఇంటిపేరు తడబడక పలుకుటకు మాకును కొంత అభ్యాసము కావలసి వచ్చినది. అమెరికాలో అయోవా రాష్ట్రమందలి లె మార్స్ అను చిన్న పట్టణమున 1926 మార్చి 11వ తేదీన ఆయన జన్మించినారు. తండ్రి ఆ ఊరి వార్తాపత్రికను నడపినవాడు. తీరిక వేళలలో వైజ్ఞానిక కల్పనాకథలు వ్రాసెడివాడు. తల్లి నర్సు. ఆమె 1947లో కాన్సరుతో మరణించినది. కుమారుడు చికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయములో చదివి, వైద్యపట్టమును, నాడీమండల శాస్త్రములో డాక్టరేటును 1952లో ఒకేసారి పుచ్చుకొన్నాడు. మెదడును శోధించిన చేతులు కడుపులోనికి ఎట్లు మళ్ళినవో చెప్పుటకు ముందు కాలేయమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది.

మాంసము వండుకొను ఇండ్లలో కార్జమని పిలుచునది ఇదే. మనుష్యునిలో ఇది కుడివైపు ప్రక్కటెముకల చాటున, సుమారు ఒకటిన్నర కిలోల తూకముతో ఒదిగియుండును. ఇతర అవయవములకు గుండె నుండి వచ్చు ధమనులే రక్తమును తెచ్చును. కాలేయమునకు అటువంటి ధమని ఒకటి యున్నను, దానికి చేరు రక్తములో ఇంచుమించు మూడు పాళ్ళు వేరొక మార్గమున వచ్చును. కడుపు, ప్రేగులు, ప్లీహము, క్లోమము, వీని నుండి మరలివచ్చు రక్తమంతయు ఒక లావుపాటి సిరలో కలసి, గుండెకు పోవుటకు మునుపు కాలేయములో ప్రవేశించును. ఆ సిరకు మన పాఠ్యగ్రంథములలో కాలేయ నిర్వాహక సిర అని పేరు. కాలువల నీరు ముందుగా ఊరి చెరువున నిండి, పిదప తూముల గుండ పొలములకు పోవునట్లు, మనము తిన్న అన్నములోని సారములో చాల భాగము ముందు కాలేయములో పడి, అచట శుద్ధియై, కొంత నిలువయై, పిమ్మట శరీరమునకు అందును. క్లోమములో పుట్టు ఇన్సులిన్ సైతము ముందుగా కాలేయమునకే పోవును. ఈ ఏర్పాటునకు అర్థమేమి? ఆ రక్తము కాలేయములో పడక ప్రక్కదారిని పోయినచో ఏమగును? స్టార్జల్ పరిశోధనలన్నిటికిని మూలము ఈ ప్రశ్నయే.

ఆ ప్రశ్న ఆయనకు జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో శిక్షణ పొందుచున్న కాలములో ఎదురైనది. కాలేయము గట్టిపడి, ముడుచుకొని పోయినప్పుడు నిర్వాహక సిరలోని రక్తమునకు దారి చాలదు. ఆనకట్ట వెనుక నీరు పెరిగినట్లు ఒత్తిడి పెరిగి, అన్నవాహిక చుట్టునున్న సన్నని సిరలు ఉబ్బి, పగిలి, రోగి రక్తము కక్కుకొనును. ఆ రోజులలో దీనికి శస్త్రవైద్యులు చేసెడి ఉపాయము ఒకటి కలదు. నిర్వాహక సిరను గుండెకు పోవు మహాసిరకు తిన్నగా కలిపి కుట్టి, రక్తము కాలేయమును తప్పించుకొని పోవునట్లు చేసెడివారు. అట్టి శస్త్రచికిత్స పొందిన వారిలో ఒకరికి మధుమేహము కూడ ఉన్నది. చికిత్స తరువాత ఆ మధుమేహము తగ్గినట్లు కనబడినది. క్లోమమునకు, కాలేయమునకు నడుమ ఏదో సంబంధము ఉండవలెనని యువవైద్యుడు ఊహించినాడు.

1956లో మయామీ నగరమునకు మారినప్పుడు, అచటి ఆసుపత్రికి ఎదుటనున్న ఒక ఖాళీ కారు షెడ్డును ప్రయోగశాలగా మార్చుకొని, కుక్కలపై ఈ ఊహను పరీక్షించినాడు. ఊహ నిలువలేదు. మధుమేహమునకు ఆయన అనుకొన్న కారణము కాదని తేలినది. కాని ఆ పరీక్షల నిమిత్తము కాలేయమును పూర్తిగా తొలగించు ఒక క్రొత్త పద్ధతిని ఆయన కనిపెట్టవలసి వచ్చినది. మహాసిరను అంటుకొని, నిండ రక్తముతో నున్న అవయవమును ప్రాణి చావకుండ వెలికి తీయుట సామాన్యమైన పని కాదు. కాలేయము తీసిన చోటు ఖాళీగా కనబడినది. అక్కడ మరియొక కాలేయమును పెట్టరాదా యను ఆలోచన అప్పుడు పుట్టినది. పరిశోధకులకు తప్పుడు ఊహ ఇంతటి మేలు చేసిన సందర్భములు మాకు తెలిసినంతలో మిక్కిలి అరుదు.

కాలేయ మార్పిడి అను భావము అప్పటికే గాలిలో ఉన్నది. ఆల్బనీ నగరములో వెల్ష్ అను శస్త్రవైద్యుడు 1955లో కుక్కకు దాని కాలేయమును తీయకయే, కడుపులో క్రింది భాగమున రెండవ కాలేయమును అతికించినాడు. ఆ అదనపు కాలేయము కొలది దినములలో క్రుంగి, చిక్కిపోయినది. శరీరము పరాయి అవయవమును సహింపక పోవుటయే కారణమని వెల్ష్ తలచినాడు. 1958లో స్టార్జల్ చికాగోకు తిరిగివచ్చి, చెడిన దానిని తీసి, దాని స్థానముననే క్రొత్తది పెట్టు ప్రయోగములు ఆరంభించినారు. అదే ఏట బోస్టన్‌లో ఫ్రాన్సిస్ మూర్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడును ఇవే ప్రయోగములకు పూనుకొన్నాడు.

తొలి ప్రయత్నములలో కుక్కలు బల్లపైననే చనిపోయినవి. కాలేయము తీసినంత సేపు మహాసిరను, నిర్వాహక సిరను బిగించి పట్టుకొనవలెను గదా! ఆ కాలములో శరీరపు క్రింది సగములోని రక్తము గుండెకు చేరజాలక ప్రేగులలో నిలిచిపోవుచున్నది. గొట్టముల ద్వారా ఆ రక్తమును మెడలోని సిరకు మళ్ళించినగాని ప్రాణి నిలువలేదు. రెండవ చిక్కు, దాత నుండి తీసిన కాలేయము కొలది నిమిషములలోనే పాడగుట. దీనికి స్టార్జల్ చేసిన పని వినుటకు అతి సులువైనది. చల్లని లవణ ద్రావణమును నిర్వాహక సిర గుండ ఎక్కించి, అవయవమును లోపలి నుండి చల్లబరచినారు. నేటికిని లోకమందంతటను అవయవములను భద్రపరచుటలో మొదటి మెట్టు ఇదియే. ఇంతచేసినను ఆ కుక్కలలో మిక్కిలి ఎక్కువ కాలము బ్రతికినది సుమారు 20 దినములు. అటుపై శరీరపు వ్యాధినిరోధక శక్తి క్రొత్త కాలేయమును శత్రువుగా ఎంచి నాశనము చేసినది. చేతి నేర్పునకు ఇచట హద్దు వచ్చినది. ఇక కావలసినది మందు.

1960లకు ఆరంభమున స్టార్జల్ కొలరాడో విశ్వవిద్యాలయమునకు, అనగా డెన్వర్ నగరమునకు చేరినారు. అజథయోప్రిన్ అను మందు అప్పుడే ప్రయోగశాలలను దాటి వచ్చుచున్నది. హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ అను శాస్త్రజ్ఞులు దానిని తయారుచేసినారు. ఇంగ్లండునకు చెందిన రాయ్ కాన్ అను శస్త్రవైద్యుడు మూత్రపిండములు మార్చిన కుక్కలలో దాని గుణమును చూపినాడు. ఒక్క మందుతో పని జరుగదని గ్రహించి స్టార్జల్ దానికి ప్రెడ్నిసోన్ అను స్టెరాయిడును జోడించినారు. మూత్రపిండమును శరీరము తిరస్కరించుట మొదలిడిన తరువాత సైతము ఈ జోడు మందులతో ఆ తిరస్కారమును వెనుకకు త్రిప్పవచ్చునని 1963లో ఆయన ప్రకటించినప్పుడు వైద్యలోకము ఆశ్చర్యపడినది. అంతవరకు తిరస్కారము మొదలైనదనగా ఆశ వదలుకొనవలసినదే అని అందరి నమ్మకము.

మూత్రపిండములలో కలిగిన విజయము కాలేయమునకు ధైర్యమిచ్చినది. 1963 మార్చి 1వ తేదీన డెన్వర్‌లో 3 సంవత్సరముల బాలునికి మానవులలో మొట్టమొదటి కాలేయ మార్పిడి జరిగినది. పుట్టుకతోనే పిత్తనాళములు మూసికొనిపోయిన బిడ్డ అతడు. పిత్తము బయటికి పోవు దారి లేక కాలేయము పచ్చబడి, బండబారి పోవు వ్యాధి అది. శస్త్రచికిత్స జరుగుచుండగానే, ఆపుటకు వీలుకాని రక్తస్రావముతో ఆ బిడ్డ బల్లపైననే మరణించినాడు. ఆరోగ్యముగల కుక్కలలో లేని రెండు ఆపదలు ఆ చిన్న శరీరమున పొంచియున్నవి. వ్యాధివలన కడుపునిండ అడ్డదిడ్డముగా పెరిగిన సన్నని సిరలు ఒకటి. రక్తము గడ్డకట్టుటకు కావలసిన పదార్థములను కాలేయము తయారుచేయలేకపోవుట రెండవది.

మే నెలలో రెండవ రోగి. ఈసారి రక్తము గడ్డకట్టించు మందులను సమృద్ధిగా ఇచ్చినారు. రక్తస్రావము ఆగినది. రోగి 22 దినములు బ్రతికినాడు. కాలేయమును చక్కగా పనిచేసినది. ఐనను అతడు మరణించినాడు. రక్తమును మళ్ళించుటకు పెట్టిన గొట్టములలో గడ్డలు ఏర్పడి, అవి ఊపిరితిత్తులలో చిక్కుకొన్నవి. తొలి బిడ్డను బలిగొన్న దానికి విరుగుడుగా ఇచ్చిన మందులే రెండవవానికి మృత్యువైనవి. ఆ ఏడాది డెన్వర్‌లో ఈ చికిత్స పొందిన అయిదుగురిలో ఎవరును 23 దినములకు మించి జీవింపలేదు. బోస్టన్‌లో ఒకటి, పారిస్‌లో ఒకటి జరిగినవి. వాని ఫలితమును అంతే. 1964 ఆరంభమునకు ఏడుగురికి ఏడుగురును గతించినారు.

ఈ ఘట్టమును మేము తొందరగా దాటిపోజాలము. విజయము పొందినవారి జీవితములను చెప్పునప్పుడు ఇట్టి మరణములను మెట్లుగా లెక్కించుట మనకు అలవాటు. ఆ బాలుని తల్లిదండ్రులకు అది మెట్టు కాదు. స్టార్జల్‌కును ఆ లెక్క సరిపడలేదని ఆయన తరువాతి నడవడిచేత తెలియుచున్నది. నిషేధించిన ప్రభుత్వము లేదు, ఆపుమన్న న్యాయస్థానము లేదు. ఐనను ఆయన తమంతట తామే మానవులలో కాలేయ మార్పిడిని నిలిపివేసినారు. మూడున్నర సంవత్సరములు మరల ఒక్క రోగిని ఆ బల్లపై పరుండబెట్టలేదు. ధైర్యము గల శస్త్రవైద్యులను గూర్చి చాల వినియున్నాము. కత్తి క్రిందపెట్టుటకు ఎప్పుడును వెనుదీయనివాడే ధైర్యవంతుడని మా అభిప్రాయము. అయితే ఆయన విమర్శకులలో కొందరు, మరల మొదలుపెట్టుటయే తప్పనియు, మనుష్యులపై ప్రయోగములు చేయుచున్నాడనియు చాలకాలము ఆక్షేపించినారు. ఆ ఆక్షేపణ నిరాధారమని మేము చెప్పజాలము. జరిగినది ప్రయోగమే. కాని ఆ రోగులకు వేరు చికిత్స లేదనుటయు నిజమే.

ఆ మూడున్నర సంవత్సరములు వ్యర్థముగా పోలేదు. తిరస్కారమును అణచుటకు గుర్రముల రక్తము నుండి తీసిన ఒక క్రొత్త ఔషధమును సిద్ధపరచినారు. కుక్కలలో దీర్ఘకాలము బ్రతుకు ఉదాహరణములు కూర్చినారు. 1964లో కాలేయము మార్చిన ఒక కుక్క, కొలది మాసములకే మందులు ఆపివేసినను పది సంవత్సరములకు మించి బ్రతికి, ముసలిదై చనిపోయినది. 1967 జూలైలో 19 నెలల బాలికతో మానవ చికిత్స తిరిగి ఆరంభమైనది. కాలేయములో కాన్సరు గల ఆ పాప సంవత్సరమునకు పైగా జీవించి, చివరకు ఆ కాన్సరు వ్యాపించుటచేతనే మరణించినది. సంవత్సరము దాటుట సాధ్యమని తేలినది. మరుసటి ఏడు మే నెలలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ ఈ పనిని మొదలుపెట్టినారు. తరువాత పది సంవత్సరములకు పైగా లోకమంతటిలోను ఈ శస్త్రచికిత్సను విడువక సాగించినవి ముఖ్యముగా ఈ రెండు చోట్లే. డెన్వర్‌లో చికిత్స పొందిన వారిలో ఏడాది దాటి బ్రతికినవారు మూడింట ఒకవంతు మాత్రమే.

శ్రోతలకు ఇక్కడ ఆ పాత ప్రశ్నను జ్ఞాపకము చేయవలెను. ప్రేగుల నుండి, క్లోమము నుండి వచ్చు రక్తములో కాలేయమునకు పనికివచ్చునది ఏమున్నది? వెల్ష్ అతికించిన అదనపు కాలేయము ఎండిపోవుటకు తిరస్కారమొక్కటే కారణమా? డెన్వర్‌లో స్టార్జల్ బృందము ఒక చక్కని ప్రయోగము చేసినది. ఒకే కుక్కలోని కాలేయమును రెండు భాగములుగా ఏర్పరచి, ఒక భాగమునకు క్లోమము వైపు నుండి వచ్చు రక్తమును, రెండవ దానికి ప్రేగుల నుండి వచ్చు రక్తమును పారించినారు. రెండును ఆ కుక్క సొంత కాలేయమే గనుక తిరస్కారమునకు తావు లేదు. ప్రేగుల రక్తములో పోషక పదార్థములు మెండు. అదియే బలిసియుండునని మనమందరము అనుకొందుము. జరిగినది వేరు. క్లోమపు రక్తము పారిన భాగము పెరిగినది. ప్రేగుల రక్తము పారిన భాగము సన్నగిల్లినది. 1970లలో ఆ బృందమే మరి యొక అడుగు వేసి, నిర్వాహక సిర రక్తమును పూర్తిగా ప్రక్కకు మళ్ళించిన కుక్కలలో కాలేయపు ఎడమ భాగములోనికి మాత్రము ఇన్సులిన్‌ను బొట్టుబొట్టుగా ఎక్కించినది. ఎడమ భాగము నిలిచినది, కుడి భాగము చిక్కినది. కాలేయమునకు పుష్టినిచ్చువానిలో ఇన్సులిన్ ప్రధానమైనదని ఈ విధముగ రుజువైనది. మయామీలోని షెడ్డులో ఆయన వెదకినది ఇన్సులిన్, కాలేయముల సంబంధమునే గదా! కాలేయము ఇన్సులిన్‌ను ఏమి చేయుచున్నదని అప్పుడు అడిగినారు; ఇన్సులిన్ కాలేయమునకు ఏమి చేయుచున్నదని అడుగవలసియుండెను. సుమారు ఇరువది సంవత్సరములకు ఆ ప్రశ్న తలక్రిందులై జవాబు దొరకినది.

ఇది పండితులకు మాత్రమే పనికివచ్చు సంగతి కాదు. మార్పిడి చేసిన కాలేయమునకు నిర్వాహక సిరను సరిగా కలిపి తీరవలెనను నియమము దీనివలననే స్థిరపడినది.

మందుల విషయములో మేలుమలుపు మట్టినుండి వచ్చినది. నార్వే దేశపు పీఠభూమిలో సేకరించిన మట్టిలోని ఒక బూజు నుండి స్విట్జర్లాండులోని ఔషధ సంస్థ సైక్లోస్పోరిన్ అను పదార్థమును తీసినది. రాయ్ కాన్ దానిని 1978లో రోగులకు మొదట ఇచ్చి చూచినారు. 1980లో స్టార్జల్ దానికి ప్రెడ్నిసోన్ చేర్చి, కాలేయ మార్పిడి పొందిన పన్నెండుగురికి ఇచ్చినారు. వారిలో పదకొండుగురు సంవత్సరము దాటి జీవించినారు. మూడింట ఒకవంతు ఎక్కడ, పన్నెండింట పదకొండు ఎక్కడ! మరుసటి ఏట ఆయన పిట్స్‌బర్గ్ నగరమునకు తరలినారు. 1983 జూన్‌లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ కూర్చిన నిపుణుల సభ కాలేయ మార్పిడి ఇక ప్రయోగము కాదనియు, రోగులకు అందింపదగిన చికిత్సయే అనియు నిర్ణయించినది. తొలి బాలుని మరణమునకు అది ఇరువదవ సంవత్సరము. 1963లో గడ్డలకు కారణమైన గొట్టముల స్థానమున, గడ్డకట్టకుండ రక్తమును త్రోయు పంపును పిట్స్‌బర్గ్‌లో ఏర్పాటు చేసినారు. దానితో ఈ శస్త్రచికిత్స ఇతరులకు నేర్పుటకు వీలైనది. దేశదేశముల నుండి యువ శస్త్రవైద్యులు అచటికి వచ్చి నేర్చుకొని, తమ తమ ఊళ్ళలో మొదలుపెట్టినారు. అవయవమును ఎక్కువ గంటలు నిలువ చేయగల ద్రావణమును 1980ల చివర విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో బెల్జర్ తయారుచేయగా, అర్ధరాత్రి పరుగులు కొంత తగ్గినవి.

1984 ఫిబ్రవరిలో ఆరేండ్ల బాలిక ఒకతె పిట్స్‌బర్గ్‌కు వచ్చినది. వంశపారంపర్యమైన దోషముచేత ఆమె రక్తములో కొలెస్ట్రాల్ మితిమీరి పెరిగి, ఆ పసితనముననే గుండె చెడిపోయినది. గుండెను మాత్రము మార్చినచో కొలెస్ట్రాల్ దానిని మరల చెరచును. అందుచేత గుండెను, కాలేయమును ఒకే చికిత్సలో మార్చినారు. వేయికి పైబడిన కొలెస్ట్రాల్ సుమారు మూడు వందలకు దిగినది. రక్తములోని కొలెస్ట్రాల్‌ను పట్టి తొలగించుటలో కాలేయముదే ప్రధాన పాత్ర అని బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అను శాస్త్రజ్ఞులు చెప్పుచున్న దానికి ఆ చిన్నారి శరీరము కన్నులకు కట్టినట్టి రుజువైనది. వారిరువురికి మరుసటి ఏట నోబెల్ బహుమానము లభించినది. బాలిక 1990 వరకు జీవించినది.

జపానులోని త్సుకుబా మట్టిలో దొరకిన సూక్ష్మజీవి నుండి తీసిన మరియొక మందును, నేడు టాక్రోలిమస్ అని పిలుచుదానిని, 1989లో స్టార్జల్ రోగులకు వాడినారు. సైక్లోస్పోరిన్‌తో ఆగని తిరస్కారము దీనితో ఆగినది. నేడు కాలేయ మార్పిడి పొందినవారిలో అత్యధికులు మ్రింగుచున్న మాత్ర ఇదియే. మంచి ఆసుపత్రులలో పదిమందిలో ఇంచుమించు తొమ్మండుగురు ఏడాది దాటుచున్నారు.

ఇంతటి శస్త్రవైద్యునికి శస్త్రచికిత్స చేయుట ఇష్టము లేదన్న శ్రోతలు నమ్ముదురో లేదో! 1992లో ప్రకటించిన ఆత్మకథలో ఆయన ఈ సంగతిని దాచక వ్రాసినారు. ప్రతి శస్త్రచికిత్సకు ముందును భయము ఆయనను పట్టి పీడించెడిది. తన్ను నమ్మి వచ్చినవానికి ద్రోహము జరుగునేమో అను భయము. 1990లో తమ గుండెకే చికిత్స చేయించుకొని, మరుసటి ఏట కత్తి విడిచినారు. విడిచినందుకు విచారింపలేదు. విశ్రాంతియు తీసికొనలేదు. ముప్పది సంవత్సరముల నాటి రోగులను సైతము పిలిపించి, వారి చర్మమును, రక్తమును, గ్రంథులను పరీక్షింపగా, దాత కణములు అవయవమును దాటి వారి శరీరమంతట చెదరియుండుట 1992లో కనుగొన్నారు. రెండు శరీరములు ఒకదానికొకటి అలవాటుపడుటకు ఈ కణములే కారణమని ఆయన వాదము. కారణమా, కేవలము ఫలితమా అను విషయమున శాస్త్రజ్ఞులు ఏకాభిప్రాయమునకు రాలేదు. 2012లో ఆయనకును, రాయ్ కాన్‌కును కలిపి లాస్కర్ బహుమానము ఇచ్చినారు. 2017 మార్చి 4వ తేదీన, తొంబది యొకటవ పుట్టినరోజునకు వారము ముందు, పిట్స్‌బర్గ్‌లో మరణించినారు.

ఒక విషయములో స్టార్జల్‌కు కడవరకు సందేహము తీరలేదు. బ్రతికియున్నవారి నుండి అవయవము తీసికొనవచ్చునా? కుటుంబములో ఎదురు చెప్పలేని వారిపైననే దానభారము పడునని ఆయన భయము. ఆరోగ్యవంతునికి కత్తివలన హాని జరిగినచో వైద్యుడు ఏమని సమాధానము చెప్పును? 1972 తరువాత మూత్రపిండములను సైతము జీవించియున్నవారి నుండి తీయుట ఆయన మానివేసినారు. కాని మన దేశములో నేడు జరుగుచున్న కాలేయ మార్పిడులలో అధిక భాగము తల్లియో, తండ్రియో, భార్యయో, కుమారుడో తమ కాలేయములో కొంత కోసి ఇచ్చుటచేత జరుగుచున్నవే. మెదడు పూర్తిగా మరణించినవారి నుండి అవయవములు స్వీకరించుటకు 1994 నాటి చట్టము అనుమతించినది. మన తెలుగు రాష్ట్రములలో జీవన్‌దాన్ అను పేరిట అట్టి దానములు జరుగుచున్నవి. అవసరమున్నవారి సంఖ్యతో పోల్చిన అవి చాల కొలది. మన ఇండ్లలో ఎవరు ఎవరికి ఇచ్చుచున్నారు, కాదనుటకు వారికి నిజముగా వీలున్నదా అని స్టార్జల్ అడిగిన ప్రశ్నను మన ఆసుపత్రులును అడుగుచుండవలెను. వీలున్నదని మేము ప్రతిచోటను హామీ ఇవ్వలేము.

1998 నవంబరులో ఢిల్లీలో 20 నెలల బాలునికి కాలేయ మార్పిడి జరిగినది. మన దేశములో పసిబిడ్డకు ఫలించిన మొదటి కాలేయ మార్పిడి అదియే. తమిళనాడు నుండి వచ్చిన బిడ్డ. వ్యాధి, డెన్వర్‌లో మరణించిన మూడేండ్ల బాలునిదే, పుట్టుకతో పిత్తనాళములు మూసికొనిపోవుట. కాలేయములో కొంత భాగమును కోసి ఇచ్చినవాడు తండ్రి. ఇట్లు ఇచ్చినవారి కడుపులో మిగిలిన ముక్కయు, పుచ్చుకొన్నవారి కడుపులోని ముక్కయు, క్లోమపు రక్తము పారుచుండగా కొలది మాసములలో తగినంత పెరుగును. ఆ బాలుడు పెద్దవాడై వైద్యవిద్య చదివి, డాక్టరైనాడు.